మేడమీద కోపం

తప్పు చేతుల్లో లేదు. చేతులు అవే, కర్రలు అవే. మరి రెండో చరణం దగ్గరికొచ్చేసరికి కాళ్ళకింద నేల జారిపోతున్నట్టు ఎందుకుంటోంది? డ్రమ్ముల వెనక కూర్చుని వైండింగ్ మేస్త్రీ అదే ఆలోచిస్తున్నాడు. నాలుగు రోజులుగా ప్రతి పాటా అక్కడే పట్టాలు తప్పుతోంది.

"మళ్ళీ పరిగెత్తావురా!" మైకు ముందునుంచి బావ అరిచాడు.

పగలంతా మేస్త్రీ కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే ఆ మేడకింది షెడ్డే సాయంత్రాలు వాళ్ళ బ్యాండు గది. పాడే బావ, అంటే అక్క మొగుడు, బస్సు కండక్టరు. గిటారు వాయించేది కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు కోసేవాడు. బేసు వాయించే లిఫ్టు మెకానిక్కు పూటకో మాట మాట్లాడితే గొప్ప. అందుకే అతనికి సైలెన్సర్ అని పేరు.

"రేపు పదింటికి రేడియోవాళ్ళు రికార్డింగుకి ఇక్కడికే వస్తున్నారు," అన్నాడు బావ. "ఇలాగే ఉంటే నిన్ను లేపేసి మిషను బీటు పెడతా. బామ్మర్దివని మొహమాటపడను."

"మిషనా? మూడేళ్ళు నా దెబ్బ మీద నడిచిన బ్యాండు బావా ఇది!"

"నడిచింది. ఇప్పుడు కుంటుతోంది."

అద్దాలవాడు రేడియోవాళ్ళిచ్చిన ఫారంలోంచి తలెత్తాడు. "ఆపండయ్యా మీ బంధుప్రీతి. 'బ్యాండు ఎలా పుట్టింది?' అని అడిగారు. ఏం రాయను?"

"ఉన్నదే రాయి. మొదటిరోజు గిటారు మీటామో లేదో, పైవాటా ముసలావిడ ధబ్ ధబ్‌మని నేల బాదింది. మనకి రోషం వచ్చింది. ఆవిడ బాదేకొద్దీ మనం వాయించాం. అందుకే 'మేడమీద కోపం' అని పేరు పెట్టుకున్నాం." బావ నవ్వాడు. "మొన్న నా మొహం అచ్చేసిన మన పోస్టరు ఆవిడ తలుపు కిందనుంచి తోశానా, దెబ్బకి నోరు మూసుకుంది!"

"నాలుగు రోజులైంది," అన్నాడు సైలెన్సర్.

మేస్త్రీ చేతిలో కర్ర ఆగింది. పాట తప్పుతున్నదీ నాలుగు రోజులే. అంటే మూడేళ్ళూ తను... ఆ ఆలోచనను పూర్తి చేయడానికి మనసు ఒప్పుకోలేదు. తన గుండెలోంచి వస్తోందనుకున్న లయ ఎవరి కోపంలోంచో వచ్చిందా? సిగ్గేసింది. సిగ్గుపడటానికి తర్వాత బోలెడు టైముంది. రేపు పదింటికి మాత్రం ఈ పీట మీద తనే కూర్చోవాలి.

కర్రలు పక్కన పెట్టి లేచాడు.

"ఎక్కడికిరా?"

"ఆవిడకి కోపం తెప్పించి వస్తా."

మూడేళ్ళలో ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. ఒక మెట్టు మీద తిడదామనుకున్నాడు, పై మెట్టు మీద బతిమాలదామనుకున్నాడు. తలుపు రెండుసార్లు తట్టి, మూడోసారి బాదాడు.

తలుపు తీసిన ముసలావిడ మెడలో కొలతల టేపు వేలాడుతోంది. వెనక గదినిండా కుట్టీ కుట్టని స్కూలు యూనిఫారాలు.

"కింద షెడ్డతన్నండీ."

"గట్టిగా చెప్పు బాబూ, చెవులు పోయి పదేళ్ళయింది."

"కింద షెడ్డు!"

ఆవిడ ముఖం చిన్నబోయింది. అతని చేతులు రెండూ పట్టుకుంది. "అయ్యో నాయనా! నేనే వద్దామనుకున్నా, మొహం చెల్లలేదు. ఆ కుట్టుమిషనుకి ఒక కాలు పొట్టి. తొక్కినప్పుడల్లా నేలని బాదేది. చెవికి తెలీకపోయినా అరికాలికి తెలిసేది. మూడేళ్ళు మీ నెత్తిన మోత మోగించినా ఒక్కమాట అనలేదు, ఎంత ఓర్పయ్యా మీది! మొన్నెవరో పుణ్యాత్ముడు తలుపు కింద మందపాటి కాగితం తోశాడు. మడిచి కాలి కింద పెట్టా. ఇప్పుడు ప్రాణం హాయిగా ఉందా?"

మేస్త్రీ చూపు మిషను కాలి మీదికి పోయింది.

"రేపు పదింటికి కుడతారా పెద్దమ్మా?" అని గట్టిగా అడిగాడు.

"కుట్టకపోతే ఎలా? సోమవారం బడి తెరుస్తారు. పొద్దుట్నుంచీ తొక్కుడే."

మేస్త్రీ మిషను దగ్గరికెళ్ళి వంగాడు. ఒక చేత్తో దాన్ని కాస్త ఎత్తి, ఎనిమిది మడతల్లో నలిగిపోయిన బావ మొహాన్ని కాలి కిందనుంచి లాగి జేబులో పెట్టుకున్నాడు.