చెవి వెనక గింజ

రొయ్యల ఫ్యాక్టరీలో చేరిన ప్రతి ఆడమనిషికీ చెవి వెనక చర్మం కింద కందిగింజంత యంత్రం పెట్టి కుడతారు. మెదడు నుంచి అండాశయాలకు వెళ్ళే కబురును అది అడ్డుకుంటుంది. ఇక నెలసరి రాదు, కడుపు రాదు, సెలవు అడగరు. వేసవిలో రెండు నెలలు మాత్రం సూపర్‌వైజరు తన ఫోన్లోంచి ఆ గింజల్ని ఆపి ఉంచుతాడు. ముప్పై ఎనిమిదేళ్ళ నూకరత్నం ఒక్క బిడ్డ కోసం ఆ రెండు నెలలకే ఎదురుచూస్తూ, ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తోంది.

"ఈ వేసవికి ఆపడం లేదు. ఆర్డర్లున్నాయి. వచ్చే ఏడాది కందువులే," అన్నాడు సూపర్‌వైజరు.

"పోయినేడూ ఇదే అన్నారు బాబూ. నా వయసాపడానికి కూడా మీ ఫోన్లో బొత్తాం ఉందేటి?"

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. అతనికి మండింది. "మీకంటే హేచరీలో తల్లి రొయ్యలు నయం. చెప్పినప్పుడు గుడ్లు పెడతాయి."

"కన్ను కోస్తే పెడతాయండీ," అంది నూకరత్నం. "గుడ్లు పెట్టొద్దనే కబురు ఆ కంటి కాడలోంచే వెళ్తుంది. మూడేళ్ళు అక్కడ కోసింది నేనే. గుడ్లు కావాలంటే దాని కన్ను కోయించారు, వద్దనుకుంటే నా చెవి కుట్టించారు. మా కడుపులు మీ సామానా?"

నూకరత్నం చాకు కడిగి పక్కనున్న సత్తెమ్మ చేతిలో పెట్టింది. చెవి వెనక గింజ మీంచి జుట్టు తప్పించి తల వంచింది. సత్తెమ్మ వేలితో గింజను తడిమి చూస్తూనే ఉంది.

"కొయ్యొదినా," అంది నూకరత్నం. "రొయ్య దగ్గర నాకింతసేపు పట్టేది కాదు."