తొమ్మిదారులు యాభై నాలుగు
"సంతకం పెట్టు నరేశ్. బిడ్డ ఒంట్లో రక్తం లేదు, ఎక్కించాలి," కోవిడ్ షీల్డు పైకెత్తి అంది డాక్టర్ హిమశ్రీ.

"నేను వెట్ట. మొన్న నెత్తురు ఎక్కిచ్చినంకనే గదా వెంటిలేటర్ ఇంకింత పెంచిండ్రు."

"పసిబిడ్డలకు ఆ ప్రమాదం ఉంటుందని ముందే చెప్పాను. అయినా తప్పదు."

"పుట్టి తొమ్మిది దినాలాయె. దెబ్బ తాకలే, నెత్తురు కారలే. మరి యాడికి వోయింది?"

ఆమెకు ఒళ్లు మండింది. "డాక్టరువి నువ్వా, నేనా?"

"నేను లింబాయత్ వాడల గుడ్డ నేసే సాంచాలు నడిపేటోన్ని. మా సేటు గుడ్డ ఎట్లొచ్చిందో చూసెతందుకు తాకాకు, గదే గుడ్డ చుట్టకు, ఒక్క తునక కోస్తడు. దినాం ఆరు తునకలు కోస్తే తాకా మిగుల్తదా? గీ బెంచి మీదనే కూసున్న. దినాం ఆరు ట్యూబుల నెత్తురు నా ముంగటికెల్లే ల్యాబుకు వోతున్నది."

హిమశ్రీ మనసులో లెక్క వేసింది. తొమ్మిదారులు యాభై నాలుగు. ఆ పసిగుడ్డు ఒంట్లో ఉండేదే టీ గ్లాసుడు నెత్తురు. ఆ పరీక్షలన్నీ తను రాసినవే.

కేస్ షీటు తెరిచి, సాయంత్రం పరీక్షలన్నీ కొట్టేసింది. "ఇకనుంచి రోజుకొక్కటే తీస్తాం. కానీ ఇప్పటికైతే ఎక్కించాలి," అంది మెల్లగా.

నరేశ్ పెన్ను గుంజుకుని సంతకం పెట్టాడు.

"ఎక్కియ్యుండ్రి మేడం. మీరు తీసిందే గదా, వాపస్ ఇస్తున్రు."