నడక బిందె

"యాడికి బయల్దేరినావు, చేతులూపుకుంటా?"

గడప దాటబోతున్న భారతిని అత్త కదిరమ్మ ఆపేసింది. ఇంకా సరిగ్గా తెల్లవారనే లేదు.

"వాకింగుకత్తా. షుగరు తగ్గాలంటే దినామూ నడవాలని డాక్టరు చెప్పినాడు గదా."

"నడ్సు, ఎవరొద్దన్నారు? ఇంటి కోడలు వట్టి చేతుల్తో రోడ్డెంట పోతాంటే ఊరోళ్లు ఏమనుకుంటారు? మొగునితో కొట్లాడి పుట్టింటికి పోతాందనుకోరా? ఆ బిందె ఎత్తుకో. బోరు కాడికి పోయి మంచినీళ్లు తెస్తే నడ్సినట్లూ ఉంటాది, నీళ్లు తెచ్చినట్లూ ఉంటాది."

"అమ్మ చెప్పేదీ నిజమేలే" అన్నాడు మంచం మీద నుంచి మొగుడు తిప్పేస్వామి. అని, దుప్పటి ముసుగేసుకున్నాడు. అంతవరకూ ఊరి బయట బోరు నుంచి మోటారు సైకిల్ మీద క్యాన్లతో నీళ్లు తెచ్చేది ఆ మహానుభావుడే మరి. ముసుగేసుకోక ఏం చేస్తాడు?

భారతి బిందె చంకన పెట్టుకుని రోడ్డెక్కింది. వీధి మలుపులోనే ఎర్రన్న ఎదురయ్యాడు. గొర్రెల బేరానికని కళ్యాణదుర్గం బయల్దేరిన మనిషి, బిందెను చూసి బండికి బ్రేకేశాడు.

"థూ! పొద్దున్నే ఖాళీ బిందె ఎదురొచ్చె! ఇంక బేరం అయినట్లే!"

బండి తిప్పుకుని నేరుగా కదిరమ్మ దగ్గరికే పోయి పంచాయితీ పెట్టాడు. భారతి నీళ్లతో తిరిగొచ్చేసరికి తీర్పు కూడా అయిపోయింది.

"రేపట్నుంచి పోయేటప్పుడు గూడా నిండు బిందెతోనే పో" అంది కదిరమ్మ. "వీధి ట్యాంకులో ఉప్పునీళ్లు ఉండాయి గదా. అవి పట్టుకొని పో."

"నీళ్ల కోసం నీళ్లు మోసుకొని పోవాల్నా అత్తా?"

"ఏం, అరిగిపోతావా? బరువు మోస్తే ఒంటికి ఇంకా మంచిది. టీవీలో ఇనుప గుండ్లు ఎత్తుతాంటారు, చూడలేదా?"

ఏం చేస్తుంది? ఉప్పునీళ్ల బిందెతో పోవడం, బోరు దగ్గర గొర్రెల తొట్టిలో పారబోయడం, మంచినీళ్ల బిందెతో రావడం. ఊళ్లో మగవాళ్లకు ఈ నడక భలే నచ్చింది. ఎర్రన్న అయితే ఆమె ఎదురొచ్చేదాకా బండి స్టార్టే చేయడు. ఒకరోజు ఆలస్యమైతే, "ఏమమ్మా భారతీ, ఇంత లేటయితే ఎట్లా? మాకు పనులుండవా?" అని కసురుకున్నాడు కూడా. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదామెకు.

నడక సరే. తిండి మాటేమిటి? భారతిది బడిలో పిల్లలకు వంట చేసే పని. నీళ్లు తెచ్చి, ఉప్పునీళ్లతో డ్రమ్ములు నింపి, ఇంట్లో వంట ముగించేసరికి బడికి పరుగెత్తే టైమవుతుంది. వేళకు తినమన్నాడు డాక్టరు. కొర్రన్నం, కూరగాయలు తినమన్నాడు. ఒకరోజు కొర్రలు నానబోస్తుంటే కదిరమ్మ చూసింది.

"అందరికీ బియ్యమైతే నీకొక్కదానికీ కొర్రలా? ఒకే ఇంట్లో రెండు వంటలా?"

"నాకొక్కదానికే అయితే చిన్న గిన్నెలో ఉడికించుకుంటా అత్తా."

"ఉడికించుకో తల్లీ. టైముంటే."

ఆ టైమే లేదు. నడిస్తే తినడానికి లేదు, తింటే నడవడానికి లేదు. బడిలో పిల్లలకు గుడ్లు ఒలిచి పెట్టి, రాగి జావ పోసే మనిషి, తాను మాత్రం ఇంత టీ నీళ్లు తాగి ఉండిపోయేది.

ఒకటే ఆశ. ఇంటింటికీ మంచినీళ్ల కొళాయి ఇస్తారని వీధి మొదట్లో గుంతలు తవ్వుతున్నారు. కొళాయి వచ్చిందా, బిందె అటకెక్కుతుంది. చేతులూపుకుంటూ నడవచ్చు. డ్రమ్ములు నింపే టైములో ఇన్ని కొర్రలు ఉడికించుకుని, కూర్చుని తినొచ్చు. కూర్చుని! ఎన్నాళ్లయిందో అలా తిని.

నెల తర్వాత ఆరోగ్య కేంద్రంలో నర్సు సువార్త రిపోర్టు చూసి ముఖం చిట్లించింది.

"షుగరు తగ్గింది భారతక్కా. కానీ ఒంట్లో రక్తమే లేదు. కండ్లు చూడు, ఎట్ల తెల్లగా పాలిపోయినాయో. నడుస్తాండావు, మరి తింటాండావా?"

"టైము యాడుంది మేడమ్?"

"తినకుండా ఇట్లే నడిస్తే ఏదో ఒక రోజు రోడ్డు మీదే పడిపోతావు. చెప్పలేదనొద్దు."

"ఈ వారంలో మా ఇంటికి కొళాయి వస్తాంది మేడమ్. అప్పుడు చూడండి, ఎట్ల తింటానో!"

ఇంటికి వస్తూ చూస్తే వీధి పొడుగునా పైపులు పూడ్చేశారు. ఇంటింటి ముందూ కొత్త కొళాయిలు మెరుస్తున్నాయి. భారతికి ప్రాణం లేచొచ్చింది. నీరసం గీరసం మరిచిపోయి, దాదాపు పరుగు మీద ఇల్లు చేరింది.

"ఏమయ్యా, నా షుగరు తగ్గిందంట!"

తిప్పేస్వామి ముఖం చాటంత అయింది. "తగ్గిందా! నేను చెప్పలా? అంతా ఆ నడక మహిమే! అమ్మా, విన్నావా? మన భారతికి షుగరు తగ్గిందంట!"

"నాకు తెలుసు. నా మాట వింటే తగ్గకేమి?" అంది కదిరమ్మ లోపలి నుంచి.

భారతి కూడా నవ్వింది. ఆ ఇంట్లో తన ఆరోగ్యం గురించి ఇద్దరు సంతోషపడటం ఎన్నడూ చూడలేదామె.

"ఇంతకీ కొళాయి యాడ పెట్టించినావు? వంటింటి పక్కనేనా?"

"అంత తెలివిలేనోన్నా నేను? ఇంట్లోకే నీళ్లొస్తే నువ్వు నడిచేది మానేస్తావని, మన కొళాయిని ఎర్రన్న గొర్రెల దొడ్డికి ఏయించేసినా!"