వాగు దాటించిన డోలు

అడవితల్లి పల్లకి ఏటా మేళతాళాలతో వాగు దాటి అవతలి గట్టుకు వెళ్లేది. మేళంలో పెద్ద డోలు ముసలి ఎలుగుబంటిది. ఈ ఏడు మోకాళ్లు మొరాయించడంతో అది డోలును కుర్ర కొండముచ్చు మెడకు తగిలించి, తాను పక్కన నడిచింది.

“వెనక్కి చూసుకుంటూ కొట్టు నాయనా. పల్లకి మోసేవాళ్లు నీ దెబ్బను బట్టే అడుగు వేస్తారు.”

“నీ దెబ్బకి నత్తలు కూడా ఆవలిస్తాయి తాతా! నాది చూడు,” అంటూ కొండముచ్చు జోరు పెంచింది. చెట్ల మీద ఉడతలు ఈలలు వేశాయి. అది ఇంకా జోరు పెంచింది.

పల్లకి మోస్తున్న నాలుగు దుప్పులూ పరుగందుకున్నాయి. వాగులోకి దిగేచోట వెనకనున్న ముసలి దుప్పి కాలు జారింది. పల్లకి ఒరిగింది. కొండముచ్చు బెదిరిపోయి డోలు ఆపేసింది. దాంతో దుప్పులకు ఎప్పుడు అడుగు వేయాలో తెలియక పల్లకి మరీ ఊగిపోయింది.

“ఆపకురా, అమ్మ పడిపోతుంది! ఆ ముసలిదాని కాలు నేలకు ఆనిందా? ఇప్పుడు కొట్టు. మళ్లీ ఆనిందా? కొట్టు.”

కొండముచ్చు వెనక్కి తిరిగి, ఆ ఒక్క కాలినే చూస్తూ, ఒక్కో దెబ్బే వేసింది. అమ్మ దయవల్ల పల్లకి గట్టెక్కింది.

కొండముచ్చు డోలు విప్పి కింద పెట్టింది. “ఇక నాకివ్వవు కదా తాతా?”

“నా మొదటి ఏడు నేను అమ్మకు వాగులో స్నానమే చేయించాను,” అంది ఎలుగుబంటి.

“అయ్యో! మీ గురువు ఏమన్నాడు?”

“ఏమంటాడు? అమ్మ చీర పిండి ఆరేశాడు. మరుసటి ఏడు డోలు మళ్లీ నా మెడకే తగిలించాడు.”