పంతొమ్మిది మంది ఎక్కువ

"ఇది సర్వే కాదు, దొంగ లెక్క" అంటూ జ్యోత్స్న మేడం ప్రాజెక్టు పుస్తకాన్ని బల్ల మీద పడేసింది.

ఇంటర్ రెండో సంవత్సరం సోషియాలజీ క్లాసంతా దుర్గ వైపు తిరిగింది. 'కుటుంబం' పాఠం కింద ఎవరి ఊళ్లో వాళ్లు ఇల్లిల్లూ తిరిగి జనాన్ని లెక్క రాసుకురమ్మని మేడం చెప్పింది. దుర్గ దుమ్ముగూడెం అవతల, అడవి అంచున ఉన్న తమ కోయగూడెం లెక్క రాసుకొచ్చింది.

"ఇళ్లెన్ని?"

"ఇరవై మేడం."

"జనం?"

"నూట ఏడుగురు."

"అంగన్‌వాడీ రిజిస్టరులో ఎనభై ఎనిమిది మందే. ఫోన్ చేసి కనుక్కున్నా. ఈ పంతొమ్మిది మంది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు? హాస్టల్లో కూర్చుని రాశావు కదూ?"

"లేదు మేడం. దసరా సెలవులల్ల ఇల్లిల్లు తిరిగిన."

మొదటి పేజీలో కృతజ్ఞతలు కూడా అందరిలా రాయలేదు దుర్గ. మిగతా పిల్లలంతా ప్రిన్సిపాల్‌కూ మేడంకూ దండాలు పెట్టుకున్నారు. ఈమె మాత్రం 'నాకు అన్నం పెట్టిన ఇరవై పొయ్యిలకు' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. తన పేరు లేనందుకు మేడంకు కాస్త చురుక్కుమన్న మాట కూడా నిజమే.

"ప్రాజెక్టుకు సున్నా" అని ఎర్ర సిరాతో వేసేసింది. "మీవాళ్లయినా అబద్ధం చెప్పుండాలి, నువ్వయినా రాసుండాలి."

ఆ ఇరవై మార్కులూ పోతే గురుకుల డిగ్రీ కాలేజీలో సీటు ఆశ వదులుకోవలసిందే. అయినా దుర్గకు మార్కుల కంటే ఆ మాటే ఎక్కువ తగిలింది.

"మావోళ్లు అబద్ధం చెప్పరు మేడం. మీరే వచ్చి అడుగుండ్రి."

మేడం కూడా పంతం మనిషే. ఆదివారం పొద్దున్నే దుర్గను వెంటబెట్టుకుని భద్రాచలంలో పర్ణశాల బస్సెక్కింది. అక్కడ దిగి ఇద్దరూ ఆటో మాట్లాడుకున్నారు.

"అసలు ఏమని అడిగావు?"

"ఇంట్ల ఎంతమంది అంటే, ఏదో పథకం అనుకొని ఆధార్ కార్డులు బయట పెడతరు మేడం. అందుకే కొత్తల పండుగకు ఎన్ని ఆకులేస్తరని అడిగిన. కొత్త బియ్యం వండిన రోజు ఆ పొయ్యి మీద తినేటోళ్లు ఎంతమందో అన్ని ఆకులు. ఒక్క పొయ్యి మీద తినేటోళ్లే ఒక ఇల్లని మీరే చెప్పిండ్రు గద."

"దొరికింది!" అంది మేడం. "చనిపోయిన పెద్దలకూ ఆకు వేస్తారుగా. వాళ్లనూ కలిపేశావు."

"పెద్దలకు వేరే ఏస్తం మేడం. అవి కలుపలే."

"పండగప్పుడు నీ కళ్లతో చూశావా?"

"ఎనిమిదో తరగతి నుంచి హాస్టలే గద. పండుగకు ఇంటికి రాక ఐదేండ్లు."

"మరి రాసేటప్పుడు అనుమానం రాలేదా?"

"వచ్చింది. మిర్చి కోతలకు పోయినోళ్లకు గూడ ఏస్తరేమో అనుకున్న. పెద్దోళ్లు ఒక మాట చెప్పినంక ఎవరిదని ఎదురడుగుడు మా దగ్గర ఉండదు మేడం."

గూడెంలో అడుగు పెట్టగానే మొదటి ఇంటి జంపయ్య కేకేశాడు. "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? తిన్నవా?"

నాలుగడుగులు వేశారో లేదో భీమక్క అడ్డం వచ్చింది. "ఏంది, మా ఇల్లు దాటి పోతున్నవ్? జావ ఉంది, తాగి పో."

"ఇంతకీ మీ ఇల్లేది?" అంది మేడం.

"గిదే మేడం. అమ్మ పోయినంక మా గంగక్క పెద్దమ్మ కాడనే ఉంటున్న."

"అయితే నువ్వు ఇక్కడే కూర్చో. నీ ముందు అడిగితే నీకు తగ్గట్టే చెబుతారు" అని మేడం నోటుబుక్కు పట్టుకుని ఒక్కతే బయలుదేరింది.

గంగక్క పక్కన కూలబడింది. "మేం చెప్పిన లెక్కతోని నీ చదువు ఆగుతదా బిడ్డా?"

"ఆగితే ఆగనీ పెద్దమ్మ. మీరు పెట్టిన తిండితోనే గీడిదాక వచ్చిన. మిమ్మల్ని అబద్ధాలోళ్లంటే మాత్రం పడ."

మేడం ఒక్కో ఇంట్లోకి వెళుతోంది, వస్తోంది. మొదట్లో విసవిసా నడిచిన మనిషి పోనుపోను నెమ్మదించింది. రెండు గంటల తర్వాత తిరిగొచ్చి అరుగు మీద కూర్చుంది. మంచినీళ్లు అడిగి తాగింది.

"ఇక మీ ఇల్లే మిగిలిందమ్మా. ఎన్ని ఆకులు?"

"నాలుగు" అంది గంగక్క. "నాది, మా ఇంటాయనది, కొడుకుది, గీ పిల్లది."

"ఈ పిల్ల పండక్కి రాదుగా?"

"రాకుంటే? ఆకు ఎయ్యకుంటే ఎట్ల మేడం? ఏడున్నా ఇంటి మనిషే గద."

అప్పుడు నాలుగంటే సెలవులకొచ్చిన తనను కలిపి చెప్పారనుకుంది దుర్గ; అసలు సంగతి ఇప్పుడే తెలిసింది. ఐదేళ్లుగా తను లేకపోయినా తన ఆకు పడుతోంది. పెద్దమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మేడం సంచిలోంచి ప్రాజెక్టు పుస్తకం తీసింది. సున్నా కొట్టేసి, పక్కన ఇరవై వేసింది. మొదటి పేజీ తిప్పి ఆ ఒక్క ముక్కా మళ్లీ చదువుకుంది.

"నన్ను క్షమించు తల్లీ. ఒక్క ఆకు కూడా తప్పు రాయలేదు నువ్వు."

దుర్గ కళ్లు తుడుచుకుంది. "పెద్దమ్మ ఇంట్ల నన్ను అంగన్‌వాడీ వాళ్లు గూడ రాసుకున్నరు మేడం. మరి ఎక్కువొచ్చిన ఆ పంతొమ్మిది మంది ఎవరు?"

మేడం నోటుబుక్కు తెరిచి ఆమె ఒళ్లో పెట్టింది.

"మిగతా పంతొమ్మిది ఇళ్లలోనూ ఒక్కో ఆకు ఎక్కువ పడుతోంది. ఎవరిదని ప్రతి ఇంట్లోనూ అడిగాను. ఆ పంతొమ్మిది మందీ నువ్వే, దుర్గా."