ఆయన పలకడు

"ఆయన్ని వదిలెయ్యమంటావేంటక్కా? పెళ్లయినప్పటి నుంచీ ఆయన్నే నమ్ముకుని ఉన్నదాన్ని!"

మరిచిపోయిన కళ్లజోడు కోసం పని మధ్యలో ఇంటికొచ్చిన డ్రైవింగ్ మాస్టారు హాల్లోనే ఆగిపోయారు. బాల్కనీలో ఆయన భార్య ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని తడిబట్టలు ఆరేస్తోంది. ఆమె వీపు ఇటువైపు ఉంది.

"పలకడు, నిజమే. కాదన్నానా? అత్తయ్య మంచాన పడినప్పుడు పలకలేదు. నా చెయ్యి విరిగినప్పుడూ అంతే. రాత్రంతా ఏడ్చానక్కా, ఉలుకూ లేదు, పలుకూ లేదు."

మాస్టారికి ఆ రోజు గుర్తొచ్చింది. చేతికి కట్టుతో ఆసుపత్రి నుంచి వచ్చిన భార్యను తను అడిగింది ఒక్కటే మాట. "ఎడమ చెయ్యేగా?"

"ఎవరూ, మీ వీధి చివరికి కొత్తగా వచ్చినాయనా? అడగ్గానే పలుకుతాడా? నీకూ పలికాడా! వారంలోనే?"

మాస్టారికి ముందు తోడల్లుడు గుర్తొచ్చి జాలేసింది. ఆ తర్వాత తన సంగతి తట్టింది. కుడికాలు తనంతట తనే, లేని బ్రేకును గట్టిగా తొక్కింది.

"మీ వీధి ఆడవాళ్లంతా వెళ్తే వెళ్లనీ, నేను రాను. ఆయనకు నామీద ప్రేమ ఉందో లేదో నాకూ తెలీదక్కా. లేదేమోనని ఒక్కోసారి గుబులేస్తుంది కూడా. అయినా ఆయన ఉన్నాడన్న ధైర్యంతోనే పొద్దున్నే లేస్తున్నాను. ఇప్పుడు పోయి ఇంకొకాయన్ని వెతుక్కుంటానా?"

మాస్టారు చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి నడిచారు. రోజంతా పక్కసీట్లో కూర్చుని "క్లచ్చు! క్లచ్చు!" అని అరిచే మనిషికి ఇంటికొచ్చాక నోరు పెగలదు. ఆమెకు అది ఎప్పుడో అలవాటైపోయిందనుకున్నారు. టీపొడి కోసం ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూడటం మొదలుపెట్టారు.

ఖాళీ బకెట్టుతో లోపలికొచ్చిన ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మీరెప్పుడొచ్చారు? ఏంటా మాడు వాసన?"

"టీ. కూర్చో."

"ఎవరు?"

"నువ్వే. బకెట్టు అలా పడెయ్. చెయ్యి లాగుతూ ఉంటుంది."

ఆమె దగ్గరికొచ్చి భర్త నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"జ్వరం లేదే! నిజం చెప్పండి, బండి ఎవరికి తగిలించారు?"

"ఎవరికీ లేదు."

"గోడకా?"

"బండి నిక్షేపంలా ఉంది! నేనే బాగాలేను." మాస్టారు గ్లాసు ఆమె చేతిలో పెట్టారు. "ఆ రోజు 'ఎడమ చెయ్యేగా' అన్నాను చూడు, అలా అనకూడదు. నీ కట్టు చూస్తే భయమేసింది. భయమేస్తే నా నోటికి ఏదొస్తే అది వచ్చేస్తుంది. అమ్మకు నువ్వు చేసిన సేవ చూస్తూ నీకు దణ్ణం పెట్టాలనుకునేవాణ్ని. అదీ చెప్పలేదు. ఊరూపేరూ తెలియనివాళ్లు గేరు సరిగ్గా వేస్తే శభాష్ అంటానే, నిన్ను ఒక్కసారైనా అన్నానా?"

ఆమె గ్లాసుతోనే కుర్చీలో కూర్చుంది.

"ఇక నుంచి పలుకుతాను. రోజూ పలుకుతాను. నువ్వు మాత్రం మీ అక్కవాళ్ల వీధికి వెళ్లకు."

"అక్కవాళ్ల వీధికా? ఎందుకండీ?"

"అదే... వారంలో పలికే ఆయన దగ్గరికి."

ఆమెకు విషయం అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత పుట్టిన నవ్వుకు టీ తొణికింది. కుర్చీలో ఆగలేక నేలమీద చతికిలబడి మరీ నవ్వింది.

"దేవుడండీ బాబూ! మేం మాట్లాడుకుంది దేవుడి గురించి! వాళ్ల వీధిలో కొత్తగా మందిరం కట్టారు. అక్కడి దేవుడు అడగ్గానే ఇస్తాడట. పలకని దేవుణ్ని పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతావు, ఇక్కడికొచ్చెయ్ అని అక్క గోల."

మాస్టారికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాక మాత్రం కాస్త ఉక్రోషం వచ్చింది.

"అయినా ఇన్నేళ్లూ ఆయన పలకలేదంటే, దేవుడికి కూడా చేతకానంత పెద్ద కోరిక ఏం కోరావేంటి?"

ఆమె కళ్లు తుడుచుకుంది. మాడు టీని ఇష్టంగా ఓ గుక్క తాగింది.

"పెద్దదేనండీ మరి. మీ చేత నాతో ప్రేమగా నాలుగు మాటలు మాట్లాడించమని!"