నాలుగో నంబరు జోడు

ఆ ముసలాయన న్యూ మార్కెట్ గడియార స్తంభం దగ్గర వాళ్ల వెంట పడ్డాడు.

చేతిలో సంచీ లేదు, నెత్తిన గంప లేదు. నాలుగడుగులు వెనగ్గా వాళ్లు ఆగితే ఆగుతున్నాడు, నడిస్తే నడుస్తున్నాడు.

"ఎనక్కి సూడకు. దళారీ ఎదవ," అంది దాలమ్మ మేనకోడలితో. "మనల్ని కొట్టుకి తోలుకెల్లి, కొట్టోడి దగ్గిర వాటా నొక్కుతాడు. తెలుగులో మాటాడుకో, ఆడికేటి తెలుస్తాది?"

వేదవతికి ఆ మాటతో కాస్త ధైర్యం వచ్చింది.

పలాస నుంచి వచ్చి వారమైంది. బెంగాలీ రాదు. హౌరా టికియాపారా రైల్వే క్వార్టర్లో మామయ్య వెంకటరత్నం ఎదుట కూడా తలెత్తి మాట్లాడని పిల్ల. ఒక్క విషయంలో మాత్రం మొండికేసింది. అత్త చీర కొంటానంటే వద్దంది. గరియాహాట్ బజారు చూపిస్తానంటే తల అడ్డంగా ఊపింది.

ఆమెకు కావలసింది స్పైక్స్, అడుగున మేకులుండే పరుగు బూట్లు.

జిల్లా పందెంలో ఉత్త కాళ్లతో పరిగెత్తి, జానెడు వెనకబడి రెండోది అయింది. మొదట వచ్చిన పిల్ల కాళ్లకు అవి ఉన్నాయి. వచ్చే నెల గుంటూరులో రాష్ట్ర పోటీ. గెలిస్తే ఆటల హాస్టల్లో సీటూ చదువూ. ఓడితే జీడిపిక్కలు కొట్టే కార్ఖానాలో అమ్మ పక్కన పీట. నాన్న ఆ సంగతి మాట్లాడేసి వచ్చాడు కూడా.

"నాను ఆ జీడిపిక్కల పీట మీద కూకోను అత్తా. గుంటూర్లో గెలుస్తాను," అని దారి పొడుగునా చెబుతూనే ఉంది.

ధర్మతల్లా రోడ్డు దాటి మైదాన్ మార్కెట్‌కు నడిచారు. ముసలాయనా దాటాడు.

అక్కడ కొట్ల నిండా ఫుట్‌బాల్ బూట్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. పరుగు బూట్లు, నాలుగో నంబరు అనేసరికి కొట్టువాళ్లు నవ్వారు. ఆరుకు తక్కువ లేవన్నారు. ఆడపిల్లకు మేకులెందుకు, తొక్కుడుబిళ్లకా అన్నాడొకడు. దాలమ్మ దాన్ని తెలుగులో చెప్పి తనూ నవ్వింది.

ముసలాయన ప్రతి గుమ్మంలోనూ నిలబడి విన్నాడు. నాలుగో కొట్టు దగ్గర చెయ్యెత్తి, ఏదో వీధి వైపు చూపించబోయాడు.

"అదిగో, మొదలెట్టాడు," అంది దాలమ్మ.

పొద్దున్నుంచీ భరించిన ఎగతాళి అంతా వేదవతికి అతని మీదే కోపమైంది. గిరుక్కున తిరిగింది.

"మా ఎనకాల రాకు. నీ కొట్టూ వద్దు, నీ బేరాలూ వద్దు. సిగ్గు నేదా?"

సందులో జనం తిరిగి చూశారు. ముసలాయన ఎత్తిన చెయ్యి దించాడు. జనంలో కలిసిపోయాడు.

బాస తెలీకపోయినా గదమాయింపు అందరికీ తెలుస్తుందని దాలమ్మ మెచ్చుకుంది.

ఆ ఊపులోనే వేదవతి ఎదురుగా ఉన్న హాల్దార్ కొట్టులోకి వెళ్లి స్టూలు మీద కూర్చుంది. హాల్దార్ లేదన్నాడు. కూర్చుంది. గోదాములో చూడమని అత్తచేత అడిగించింది. చూసి వచ్చి, లేదన్నాడు. కూర్చునే ఉంది. వచ్చేపోయే వాళ్లు ఆమె మోకాళ్లు తప్పించుకుంటూ నడుస్తున్నారు. అత్త చెయ్యి పట్టి లాగింది, బతిమాలింది, పరువు తీస్తున్నావని కసిరింది.

"బూట్లు ఇస్తేనే లెగుస్తాను."

నా కొట్టులో కూడా ధర్నాయేనా దీదీ అని హాల్దార్ తల పట్టుకున్నాడు.

గంటన్నర గడిచింది. వెనక గుమ్మంలోంచి ఎవరో పిలిస్తే హాల్దార్ లేచి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి చేతిలో కాగితం పొట్లం. విప్పితే నల్ల తోలు జోడు, అడుగున ఆరేసి మేకులు. పాదానికి అచ్చు పోసినట్టు సరిపోయింది. ధర కూడా అత్త అన్నదానికే ఒప్పుకున్నాడు.

ఆ పూట టికియాపారాలో ఇదే కథ. యూనియన్ మనిషైన మామయ్య పొంగిపోయి నాలుగిళ్లకు చాటాడు.

"ఈ ఊర్లో కూకుంటేనే గానీ ఏదీ కదల్దు. మా గుంట వారంలో నేర్సేసింది."

వేదవతి మొదటిసారి నలుగురిలో తలెత్తుకు కూర్చుంది.

మర్నాడు రైలు కట్ట పక్కన పరిగెత్తి చూస్తే ఒక మేకు వదులైంది. బిగించే పానా కోసం ఇద్దరూ మళ్లీ హాల్దార్ దగ్గరికి వెళ్లారు. సరుకు గోదాములో పెట్టుకుని పిల్లనెందుకు ఏడిపించావని దాలమ్మ నవ్వుతూ నిలదీసింది.

హాల్దార్ బెంగాలీలో చాలాసేపు చెప్పాడు. వింటూ వింటూ అత్త మొహంలో నవ్వు ఆగిపోయింది.

"ఏటంటన్నాడు?" వేదవతి అడిగితే దాలమ్మ ఒక్కొక్కటే తెలుగులో చెప్పింది.

గోదాములో ఏమీ లేదట. ఆ జోడు బెంటింక్ వీధిలో బూట్లు కుట్టే ఒక చీనా మేస్త్రీ ఏదో క్లబ్బు పిల్లకు కుట్టినది, ఆ పిల్ల తీసుకెళ్లలేదట. నిన్నటి ముసలాయన ఎండలో అక్కడికి నడిచి, మేస్త్రీని ఒప్పించి తెచ్చాడట. పిల్ల గుంటూరులో పరిగెత్తాలి, ఓడితే జీడిపిక్కల పీట మీద కూర్చోబెడతారని హాల్దార్‌కు చెప్పింది అతనేనట. ఇవ్వబోయిన వాటా తీసుకోలేదట.

వేదవతి అప్పటికే గుమ్మం దాటింది. "ఎక్కడున్నాడో అడుగు అత్తా. బేగి అడుగు."

హాల్దార్ హౌరా స్టేషను వైపు చెయ్యి ఊపాడు.

నలభై ఏళ్లు ఈ బజార్లో గంప మోసి, మొన్ననే కూలీ బిళ్ల అప్పగించేసి, నిన్న సాయంత్రం రైలెక్కేముందు ఒక్కసారి అన్నీ చూసుకుందామని వచ్చి, సొంత ఊరి మాట చెవిన పడితే వెంట నడిచాడట ఆ పలాస గవరయ్య.